డప్పు మోగితే ఆరిపోయే గేమ్ డబ్బా

ఇందుమూలంగా అమీర్‌పేట, పంజాగుట్ట, బల్కంపేట సమస్త ప్రజలకు తెలియజేయునది ఏమనగా... టీవీ రిమోట్ పని చేయనప్పుడు దాన్ని అరచేతిల కొట్టే హక్కు ఇంటి పెద్దకు మాత్రమే ఉంటది. అల్లుడు కొడితే చెల్లదు. బ్యాటరీని పండ్లతోటి కొరికేటోళ్లకు ఇయ్యాల్టి నుంచి ఛాయ్ బంద్. ఇది నా ఫైసలా.

నవ్విండ్రా... సరే, ఇగ నవ్వుడు ఆపి వినుండ్రి.

మా చిన్నప్పుడు... బల్కంపేట గుడి ఎనక గల్లీల, మా నులక మంచం మీద ఒక గేమ్ డబ్బా కడుపు కోసినట్టు పడి ఉన్నది. నా చేతిల సోల్డరింగ్ ఐరన్. పక్కన చందుగాడు... మా ఇంటి ఓనర్ సాబ్ కొడుకు. వాని ముఖం సున్నమేసినట్టు తెల్లగైంది.

డబ్బా వాళ్లదే. వాళ్ల బాబాయి దుబాయ్ నుంచి పంపిండు. టీవీకి తగిలిస్తే కార్లు ఉరుకుతయి. కానీ దానికి మస్తు నఖరాలు... అసలు సీడీ పెడితేనే తింటది, అమీర్‌పేటల దొరికే కాపీ సీడీ పెడితే ఉమ్మేస్తది. లోపల గోరంత చిప్ అతికిస్తే అన్నీ తింటదని వానికి ఎక్కిచ్చింది నేనే. టీవీ రిపేర్ దుకాణంల కూసొని సోల్డరింగ్ చూసినోన్ని కదా... చూస్తే వచ్చినట్టే అనుకున్న.

మేం వాళ్ల ఇంట్ల కిరాయికుంటున్నం. ముందటి అర్రల నాయన కుట్టు మిషన్. అదే ఇల్లు, అదే దుకాణం. అంతకు ముందు నేను సాబ్ స్కూటర్ హారన్ తీగను బ్రేకుకు కలిపిన. పంజాగుట్ట చౌరస్తాల ఆయన బ్రేక్ తొక్కినప్పుడల్లా పీ... పీ... అందరు నవ్విండ్రంట. సాబ్ నవ్వలే. నాయనను పిలిచి మెల్లగ చెప్పిండు.

"మల్లేశం, నీ కొడుకు ఇంకొక్కసారి గిట్ల చేస్తే ఇల్లు ఖాళీ చేసుడే. మల్ల నన్ను బతిమాలొద్దు."

మెల్లగ చెప్పే మనిషికే నాకు భయం...

చిప్ పెట్టినంక డబ్బా బ్రహ్మాండంగ నడిచింది. గంతల ఆషాఢం వచ్చింది. గల్లీల ఎల్లమ్మ బోనాల ఘటం ఊరేగుతుంటే మేం లేవలే, మొక్కలే... కార్ల మీదనే ఉన్నం. డప్పులు గేటు కాడికి రాంగనే తెర నల్లగైంది. డప్పులు దూరం పోయినంక ఆన్ చేస్తే మంచిగనే నడిచింది. తెల్లారి మల్ల డప్పులు... మల్ల నలుపు.

"అమ్మకు కోపమొచ్చిందిరా..." అన్నడు చందు.

"అమ్మకు వేరే పని లేదా, నీ కార్లు ఆపుకుంట కూసునేందుకు?" అన్న. అన్న గానీ, చాటుంగ గుడి దిక్కు దండం పెట్టిన.

"ఆదివారం బాబాయి వస్తుండు. అందరి ముందట ఆడి చూపియ్యాలంటుండు డాడీ. నేను నిజం చెప్పేస్తరా."

"చెప్తే మేం యాడికి పోవాలెరా?"

వాడు డబ్బాను నా చేతిల పెట్టిండు.

ఆ దినాలల్ల నాయన మిషన్ తొక్కుతుంటే, ఆ చప్పుడు ఎన్ని దినాలు వింటనో అనిపిచ్చేది...

నాయన బట్ట కోసం పంజాగుట్టకు పోయిన పొద్దున, ఒక ఆలోచనొచ్చింది. డబ్బాను మిషన్ బల్ల మీద పెట్టి, మా పాత టీవీకి తగిలిచ్చి, "ఉత్త మిషన్ తొక్కురా" అన్న చందుతోటి. వాడు తొక్కిండు. బల్ల గడగడలాడింది... తెర నల్లగైంది.

అంటే అమ్మ కాదు. కుదుపు.

జర ఊపిరొచ్చింది. మూత తీసి, కాలిపోయిన అగర్‌బత్తి పుల్లతోటి ఒక్కొక్క తీగను మెల్లగ తట్టిన. ఒక తీగ కాడ తట్టంగనే తెర పోయింది. వంగి చూస్తే... నేనెంత దర్జీ కొడుకునో అప్పుడు తెలిసింది. "దారం వదులుంటే అది కుట్టేనారా" అని నాయన తిట్టీ తిట్టీ నేర్పిండు గదా, నేను తీగలను సుత గుంజి గుంజి బిగిచ్చి పెట్టిన. పైకెల్లి దారంతోటి ముడేసిన. తీగకు జరంత వదులు కావాలె... లేకుంటే కదిలినప్పుడల్లా అతుకును పీకుతది. ఆ తీగ అతుకు కరిగిచ్చి, వదులుగ మల్ల అతికిచ్చిన. చందు చెమటలు కక్కుకుంట తొక్కిండు. తెర ఆరలే.

ఆదివారం. మీది అంతస్తుల సాబ్, దుబాయ్ బాబాయి, చందు. నేను గడప కాడ. దూరంకెల్లి డప్పులు మొదలైనయి. దగ్గరికొస్తుంటే అల్మారల స్టీలు గ్లాసులు గలగలమన్నయి. చందు నా దిక్కు చూసిండు. నేను ఎల్లమ్మను యాది చేసుకున్న... తల్లీ, నువ్వు కాదని నేననుకున్నందుకు కోపం పెట్టుకోకు.

"ఏందిరా, గట్ల చెమటలు పడుతున్నయి?" అన్నడు సాబ్ నన్ను చూసి.

"ఉక్క సాబ్..."

డప్పులు గేటు ముందటకొచ్చినయి. తెర నిలిచింది. కార్లు ఉరుకుతనే ఉన్నయి.

ఇప్పుడు ఆ గల్లీ నిండ హాస్టళ్లు. డబ్బాలకు విప్పేందుకు స్క్రూలే కనపడయి... ఖరాబైతే పారేసుడు, కొత్తది కొనుడు. పుల్ల పట్టుకొని తీగ తీగ తట్టే ఓపిక ఎవనికున్నది... మీరు సుత చిన్నప్పుడు ఏదన్నా విప్పి, మూత పెట్టలేక వణికింది ఉంటే కింద రాయుండ్రి. నేనొక్కన్నే కాదని ధైర్యమొస్తది.

ఒక్క మాట... పైన రాసిన దాంట్ల ఒకటి పూరా అబద్ధం. తెర నిలవలే. ఒక్క తీగనే వదులు చేసిన, పక్క తీగ సుత గట్లనే బిగిచ్చి ఉన్నదని చూడలే... మిషన్ కుదుపుకు ఆగిన ఆ అతుకు డప్పులకు ఊడింది. డప్పులు గేటు దాటకముందే నల్లగైంది. చందు ఏడ్చుకుంట అంతా చెప్పిండు.

నాయన మిషన్‌ను బొంతల చుట్టి ట్రాలీ ఎక్కిచ్చిండు. దారి పొడుగున నన్ను ఒక్క మాట అనలే... తిట్టినా మంచిగుండేది.