టైంపాస్ అనని స్వర్ణ

స్వర్ణ ఏం చేస్తుందని మా వాడలో ఎవరినడిగినా సంచులు కుడుతుందనే చెబుతారు. నిజమే. ఆర్మూర్ మార్కెట్లో పసుపు నింపే గోనెసంచి ఎక్కడ చిరిగినా అది చివరికి స్వర్ణ ముందుకే వస్తుంది. చేతిలో దబ్బనం, ఒళ్లో పురికోస పెట్టుకుని, పొద్దున తోటి సంచులు కుట్టే రత్నవ్వ పక్కన కూర్చుందంటే సాయంత్రానికి గుట్టెడు సంచులు కుట్టి లేస్తుంది. ఇంకేం చేస్తుందని అడిగితే మాత్రం జనం నవ్వడం మొదలుపెడతారు. ఆ నవ్వంటే నాకు మొదటినుంచీ పడదు.

నా పేరు పద్మలత. వాడ మూలమీద కిరాణా దుకాణం నాది. నాకు కోపమెక్కువని అందరూ అంటారు. చక్కెరకూ చాయపత్తాకూ నా దగ్గరికే రావాలి కాబట్టి కాస్త మెల్లగా అంటారు.

స్వర్ణకు నలభై దగ్గర పడుతున్నాయి. మొన్నటిదాకా ఆమెకు ఫోనంటే మాట్లాడుకునే డబ్బా, అంతే. ఒక ఎండాకాలం సంచుల గుట్ట మీంచి జారిపడి కాలు విరిగింది. దవాఖానలో సిమెంటు కట్టు కట్టి ఇంటికి పంపారు. కూర్చుని కూర్చుని పిచ్చి లేస్తోందంటే నేనే ఆమె ఫోన్లో మిఠాయిల ఆట పెట్టిచ్చాను. ఒకే రంగు మిఠాయిలు ఒక్క వరుసకు తేవాలి, అవి పటపట పగులుతాయి. నేను ఇప్పటికీ అదే ఆడతాను. పాలు పొంగేలోపు ఒకసారి, గిరాకీ లేకపోతే ఇంకోసారి. పాలు పొంగితే ఆట పోతుంది, నాకేం బాధ లేదు. గెలిచానో ఓడానో సాయంత్రానికి గుర్తు కూడా ఉండదు.

స్వర్ణ వారం తిరక్కముందే నాకు ఫోన్ చూపించి, "పద్మక్కా, గీ ఆట వద్దు. దీంట్ల నన్ను ఓడగొట్టేటోడే లేడు" అంది.

"ఓడగొట్టేటోడు ఎందుకే నీకు?"

"మరి ఎవడు లేకుంటే నేను ఎవరి మీద గెల్చినట్టు?"

నాకు అర్థం కాలేదు. తర్వాత ఆమె ఇంకో ఆటలో దూరింది. ఫోన్లో ఒక దీవి ఉంటుంది. నలుగురేసి గుంపులు దిగుతాయి. తుపాకులు ఏరుకోవాలి, దాక్కోవాలి, ఒకరికొకరు కావలి కాయాలి, చివరిదాకా ఏ గుంపు మిగిలితే ఆ గుంపుది గెలుపు. మొదటి నెలంతా దిగిన మరుక్షణమే చచ్చేది. చచ్చినప్పుడల్లా, నన్ను కొట్టినవాడు ఎక్కణ్నుంచి వచ్చాడు, నేను ఎటు చూస్తున్నాను అని మూతి బిగించుకుని ఆలోచించేది. కాలు బాగయింది, మార్కెట్ పనికి మళ్లీ వెళ్లింది, ఆట మాత్రం వదలలేదు. సంచి కుడుతూ కుడుతూ మధ్యలో ఆగి, "ఆ రాయి ఎనుక ఉండాల్సింది కాదు" అనేది. రత్నవ్వ భయపడి చుట్టూ చూసేది.

ఇప్పుడు ఆమెకొక గుంపుంది. నవీపేట నుంచి పూజిత అనే డిగ్రీ పిల్ల, భీమ్‌గల్ నుంచి ఇద్దరన్నదమ్ములు. ముగ్గురి ముఖాలూ ఆమె చూడలేదు. ఆటలో ఆమె పేరు దబ్బనం. వాళ్లు "దబ్బనమక్కా" అని పిలిస్తే స్వర్ణ ముఖం వెలిగిపోతుంది. ఆమె పెళ్లిలో కూడా అంత వెలుగు చూడలేదు నేను.

అలా ఉండగా గంగాదాస్ పసుపు తడిసింది.

గంగాదాస్ మా వాడ రైతే. పసుపు ఉడకబెట్టి కల్లంలో ఆరబోసి, కావలికి కొడుకు మనీష్‌ను కూర్చోబెట్టి మార్కెట్‌కు వెళ్లాడు. గుట్ట మీద మబ్బు లేచింది. చుట్టుపక్కల కల్లాలవాళ్లంతా టార్పాలిన్లు లాగుతుంటే ఇరవై రెండేళ్ల మనీష్ రేకుల కింద ఫోన్లో తల దూర్చి కూర్చున్నాడు. వాన వచ్చి వెళ్లింది. ఎండిన కొమ్ములకు రావలసిన మెరుపు ఇక రాదు. గంగాదాస్ కొడుకు వీపు పగలగొట్టబోతే వాడు తప్పించుకోవడానికి ఒక మాట విసిరాడు.

"స్వర్ణక్క టీంల ఆడుదామని ప్రాక్టీస్ చేస్తున్న బాపూ!"

అంతే, తప్పు కల్లం దాటి స్వర్ణ ఇంటికి వచ్చింది.

మా వాడకో కమిటీ ఉంది. గుడి పనులు, నల్లా తగాదాలు, పెళ్లిళ్లకు షామియానా, అన్నీ దానివే. అధ్యక్షుడు భీమన్న. సాయంత్రం రేకుల షెడ్డులో అందరినీ పిలిచారు. ఫోన్ ఆటలు బందు పెట్టాలన్నాడు గంగాదాస్. అక్కడే చిక్కు వచ్చింది. ఎందుకంటే భీమన్న పొద్దున లేస్తే పత్తాలాట, అదే పేకాట, ఫోన్లోనే ఆడతాడు. కమిటీలో ఆడనివాడు వెతికినా దొరకడు. గంటసేపు గొణిగి గొణిగి ఒక తీర్పు తయారుచేశారు. టైంపాస్‌కు ఆడితే తప్పులేదు. పిచ్చి పట్టి ఆడితే తప్పు. ఎవరిది ఏదో ఎలా తెలుస్తుంది? ఎవరికివారే బండారి పట్టి చెప్పాలి.

పూజలో పెట్టిన పసుపును మేం బండారి అంటాం. పసుపు పండించి, పసుపు మోసి, పసుపు సంచులు కుట్టి బతికే వాడ మాది. బండారి చేతిలో ఉండగా అబద్ధం రాదు. పొలం గట్టు తగాదాలు కూడా దానితోనే తెగుతాయి. కమిటీ చేసిన పొరపాటు అదే. ఊరికే "అనండి" అంటే సరిపోయేదానికి బండారి తెచ్చారు.

తాంబాళం తిరిగింది. నేను చిటికెడు తీసుకుని, "నాది టైంపాసే" అన్నాను. నాది నిజంగా టైంపాసే, నాకేం సిగ్గు? ఇంకో నలుగురు అన్నారు. భీమన్న దగ్గరికి వచ్చేసరికి ఆయన, "నేను అడిగేటోణ్ణి గదా" అని తాంబాళం పక్కకు నెట్టాడు. నేను గట్టిగానే దగ్గాను.

స్వర్ణ వంతు వచ్చింది. ఆమె కుడిచేతి నిండా బండారి తీసుకుంది. గోనె గీసుకున్న ఆ వేళ్లలో పసుపు కొత్తగా కనబడలేదు.

"చెప్పు బిడ్డా. టైంపాస్‌కు ఆడుతున్న అను. ఒడిసిపోతది" అన్నాడు భీమన్న.

"నేను టైంపాస్‌కు ఆడుత లేను" అంది స్వర్ణ.

పక్కనున్న ఆమె భర్త ఎంకటి, మార్కెట్లో హమాలీ, బస్తాలు ఎత్తే మనిషి, ఆ మాట బరువుకు తల దించుకున్నాడు.

"ఏందే, సమజ్ గాలేదా? గట్లంటే పిచ్చి అని ఒప్పుకున్నట్టు!" అన్నాడు భీమన్న.

"పిచ్చో ఏందో మీరే పేరు పెట్టుకోండ్రి కాకా. నేనాడితే గెలుద్దామని ఆడుత. ఓడితే ఎందుకు ఓడిన్నా అని సోంచాయిస్త. నా పని ఏనాడన్న ఆగిందా? నా సంచి ఏదన్న కుట్టు తప్పిందా? మరి నేను ఆడేటిదాన్ని టైంపాస్ అని బండారి మీద ఎందుకనాలె?"

గంగాదాస్ లేచాడు. "నీ వల్ల నా పసుపు తడిసింది!"

"నా వల్ల కాదు దాస్ మామా. నీ కొడుకు నా టీంల లేనే లేడు. వస్తనని ఎంబడి వడ్డడు. ఒకసారి తీస్కున్న. మాకు కావలి ఉండరా అంటే ఆట నడ్మల లేచిపోయి చాయ తాగొచ్చిండు. కల్లం కాడ కావలి కాయనోడు ఆడ గూడ కాయలే. గందుకే తీసేసిన."

ఎవరో కిసుక్కున నవ్వారు. అది నేనేనని తర్వాత అందరూ అన్నారు, అననివ్వండి. తాంబాళం మనీష్ దగ్గరికి పోయింది. నిన్నటిదాకా పెద్ద ఆటగాణ్నని వాడంతా చాటుకున్న పిల్లాడు బండారి పట్టుకుని, చెవులు ఎర్రబడి, "నాది టైంపాసే" అన్నాడు. శిక్ష తప్పినందుకు సంతోషపడాల్సింది పోయి వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి.

కమిటీ తీర్పు చెప్పింది. స్వర్ణ వచ్చి ఆ ఒక్క మాట అనేదాకా ఆమెతో ఎవరూ మాట్లాడకూడదు. పండుగకూ పబ్బానికీ పిలవకూడదు. దుకాణంలో సామాన్లివ్వకూడదు.

"నా దుకాణం తాళంచెవి నా బొడ్లో ఉంది. కమిటీ బొడ్లో లేదు" అని నేను అక్కడే చెప్పి వచ్చాను. కానీ మాట్లాడకపోవడమనే శిక్ష తాళంచెవితో విప్పేది కాదు. తెల్లారి నల్లా దగ్గర స్వర్ణ బిందె పెట్టగానే మాటలు టక్కున ఆగిపోయాయి. మార్కెట్లో రత్నవ్వ కూడా పక్కనే కూర్చుని, నోరు విప్పకుండా కుట్టుకుంది. రత్నవ్వ మనవరాలి పెళ్లి దగ్గర్లో ఉంది, కమిటీ షామియానా కావాలి. ఆమెను తప్పుపట్టలేను. స్వర్ణ నా దుకాణానికి వచ్చి ఉప్పు పొట్లం చేతిలో పట్టుకుని నిలబడి, "అక్కా, మాట్లాడేటోళ్లు లేకుంటే నోట్లె నాలుక ఎండిపోతది" అంది.

ఎంకటి ఆ రోజు నా ముందే బతిమాలాడు.

"ఒక్క మాటనే గదనే. అనరాదు? అన్నంక నీ ఆట నువ్వు ఆడుకో, ఎవడు చూస్తడు?"

"అన్నీ మీ మాటనే విన్న కదయ్యా. పుట్టినకాడ వాళ్లు చెప్పింది, ఈడికొచ్చినంక మీరు చెప్పింది. నాది అని చెప్పుకునే తందుకు గీ ఒక్కటే ఉన్నది. దాన్ని ఉత్తదే అని నా నోటితోని అనమంటవా?"

ఎంకటి తువ్వాలు భుజాన వేసుకున్నాడు. "ఐతవారం నాడు మ్యాచ్ అంటివి కదా, ఫోన్ చార్జింగ్ పెట్టుకో" అని లేచి వెళ్లాడు.

ఆదివారం మధ్యాహ్నం జిల్లా గుంపుల మధ్య పోటీ. ఇంట్లో తలుపేసుకుని ఆడితే ఎవరికీ తెలిసేది కాదు. స్వర్ణ వీధిలోకి వచ్చి, అరుగు ఊడ్చి, చాప పరచుకుని అందరికీ కనబడేలా కూర్చుంది. నేను దుకాణం మూసి వచ్చి పక్కన కూర్చున్నాను. నాకు ఆ ఆట ఓనమాలు రావు. అయినా కూర్చున్నాను.

కాసేపటికి రత్నవ్వ చంకలో గోనెసంచి, చేతిలో దబ్బనంతో వచ్చింది. అరుగు చివర కూర్చుని కుట్టడం మొదలుపెట్టింది. ఎదురింటి ముత్తవ్వ గుడ్లురిమితే రత్నవ్వ ఆమెతోనే అంది.

"మాట్లాడద్దన్నరు. కూసోవద్దన్లే."

ఆ దారి అందరికీ నచ్చింది. ముత్తవ్వ చాట పట్టుకుని వచ్చింది. ఒకామె వెల్లుల్లి తెచ్చుకుంది. నల్లా దగ్గర మూతులు తిప్పుకున్నవాళ్లే ఒకరి వెంట ఒకరు వచ్చి కూర్చున్నారు. ఎవరూ కిక్కురుమనలేదు. కమిటీ మాట అక్షరాలా పాటిస్తున్నారు. మనీష్ కూడా గోడవారగా నిలబడ్డాడు. ఆ ఆటలో వెనక నుంచి వచ్చేవాడి అడుగుల చప్పుడు వినడమే ప్రాణమట. మా వాడలో ఆదివారం మధ్యాహ్నం అంత నిశ్శబ్దం నేను పుట్టాక వినలేదు. శిక్ష వేసిన భీమన్నే స్వర్ణకు ఆ సాయం చేసినట్టయింది.

స్వర్ణ ఫోన్లో మెల్లగా, "తమ్మీ, నువ్వు కుడికి రా. పూజితా, గా ఇంట్లకు పోకు, ఆగు" అని చెబుతోంది. గుంపులు ఒక్కొక్కటే పోతున్నాయి. ఆమె కణతల మీద చెమట కారుతోంది, తుడుచుకోవడం లేదు. చివరికి రెండు గుంపులు మిగిలాయి. భీమ్‌గల్ అన్నదమ్ములు పడిపోయారు. నవీపేట పిల్ల పడిపోయింది. ఇటు స్వర్ణ ఒక్కతే, అటు ఇద్దరు. ఒకణ్ని పడగొట్టింది. రత్నవ్వ దబ్బనం గాల్లోనే ఆగింది.

తర్వాత ఫోన్ ఎర్రగా మెరిసి, స్వర్ణ బొటనవేలు ఆగిపోయింది.

"అయ్యో!" అని రత్నవ్వ అరిచింది. "అయ్యో నా తల్లి, ఎవడాడు? ఏడికెల్లి వచ్చిండాడు?"

దాంతో కట్ట తెగింది. ఎవడు కొట్టాడని ఒకరు, ఇంకొకటి ఆడతారా అని ఇంకొకరు, నీళ్లు తాగవే అని ముత్తవ్వ, అందరూ స్వర్ణతోనే మాట్లాడుతున్నారు. మనీష్, "అక్కా, ఎడమదిక్కు చెట్టెనుక ఉండే ఆడు" అంటున్నాడు. గోల విని భీమన్న వచ్చాడు. ఆయన్ను చూసి కూడా ఎవరూ నోరు మూయలేదు. ఆయన గొంతు పెంచాల్సి వచ్చింది.

"ఓడిపాయినవ్ గదా! ఇగనన్న అను బిడ్డా. టైంపాస్ అను. నీ ఇజ్జత్ దక్కుతది, మా ఇజ్జత్ దక్కుతది."

స్వర్ణ తలెత్తింది. కళ్ల నిండా నీళ్లు. దాచుకోలేదు, తుడుచుకోలేదు.

"టైంపాస్‌కు ఆడినోళ్లకు గింత దుఃఖం వస్తదా కాకా?"

స్వర్ణ ఆయన జవాబు కోసం ఆగలేదు. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని తన గుంపుతో, "తప్పు నాదే, ఎడమదిక్కు చూడలే. ఏడ్సింది సాలు, రేపు పని ఒడిసినంక అందరు రాండ్రి. మళ్ల మొదలువెడదాం" అంది.