గోడకి ఆనిన చెవి

కామేశ్వరరావు సర్వీసంతా రైల్వే క్వార్టర్లలోనే గడిచింది. రిటైరయ్యాక దయాల్‌బంద్ అనే పేటలో సొంత ఇల్లు కట్టుకున్నాడు. ఈమధ్య సాయంత్రం నింపిన ట్యాంకు తెల్లారేసరికి సగమవుతోంది. షెడ్డులో రైళ్ళ బ్రేకు పైపుల్లోంచి గాలి ఎక్కడ పోతోందో చెవితోనే పట్టేసిన మనిషి కదా, కొళాయిలన్నీ కట్టేసి స్నానాలగది గోడకి చెవి ఆనించాడు. లోపల నీళ్ళు సన్నగా కారుతున్న చప్పుడు వినబడింది.

"ఇక్కడే లీకు. ఆఫీసుకెళ్ళి కంప్లయింటు రాయించాలి," అన్నాడు.

"ఏటండీ, ఎవులికి రాయిస్తారు? ఇది క్వార్టరు కాదు కదా," అంది భార్య బుజ్జమ్మ.

కామేశ్వరరావు గోడ మీద చెయ్యి వేసి చూశాడు, తడిగా తగిలింది. క్వార్టర్లలోనూ గోడలు చెమ్మగిల్లేవి. కంప్లయింటు రాయించేసి డ్యూటీకి పోయేవాడు గానీ, ఏ గోడనూ ముట్టుకుని చూసిన పాపాన పోలేదు. ఈ గోడ తడి మీంచి మాత్రం చెయ్యి తీయలేకపోయాడు.