అవునని అనని పోశెట్టి మాస్టర్

ముంబైలో, వరస గదుల మా చాలులో పోశెట్టి మాస్టర్ నోటి నుంచి ‘అవును’ అన్న మాట విన్నవాళ్లు లేరు. పది మంది ఒక మాట అంటే ఆయన రెండో మాట అనాల్సిందే. ఏళ్ల తరబడి ఆయన గదిని ఆనుకున్న ఖోలీలో ఉంటున్నాను కాబట్టి ఈ విషయంలో నా సాక్ష్యం చెల్లుతుంది.

“ఈ ఉక్క సంపుతుంది సారూ” అంటే, “కుల్ఫీ అమ్మేటోన్ని అడిగి చెప్పు” అనేవాడు.

మా చాలు కుర్రాడు విక్కీ బంతి కొట్టి కిటికీ అద్దం పగలగొట్టినప్పుడు చాలంతా వాడి మీద విరుచుకుపడింది. మాస్టర్ ఒక్కడే వాడి పక్కన నిలబడి, పిల్లలాడే చోట అద్దం పెట్టినవాళ్లది తప్పు కాదా అని వాదించాడు. కొన్నాళ్లకు అదే విక్కీ పక్క పేట నాగ్‌పాడా జట్టు మీద సిక్సర్లు బాది కప్పు తెచ్చాడు. అందరం వాణ్ని భుజాల మీద ఊరేగిస్తుంటే మాస్టర్ కనబడలేదు. వాడి చేతిలో దెబ్బలు తిన్న నాగ్‌పాడా బౌలర్‌కు ఇరానీ హోటల్లో చాయ్ తాగిస్తూ, వాడు ఎంత మంచి బంతులు వేశాడో వాడికే నిరూపిస్తున్నాడట.

మునిసిపాలిటీ తెలుగు బడిలో రిటైరయ్యాక ఆయన మా తెలుగువాళ్ల సంఘమైన మండలి హాల్లో ఆదివారాలు గ్రీకు క్లాసు పెట్టాడు. కాలేజీ పిల్లలకు పాత గ్రీకుల తత్త్వం, మాట్లాడే విద్య నేర్పేవాడు. ఎదుటివాణ్ని ఒప్పించడానికి అరిస్టాటిల్ చెప్పిన మూడు సంగతులు ఆయన నోట ఇలా వచ్చేవి:

“ఒకటి, నిన్ను నమ్మొచ్చా? రెండు, వినేటోని మనసుల ఏమున్నది? మూడు, నీ మాటల సరుకున్నదా? వీటిల ఏది తక్కువైనా మీ అవ్వ సుత మీ మాట వినది.”

ప్రతి సంగతికీ రెండు వాదాలుంటాయన్న ప్రొటాగరస్ అంటే ఆయనకు మరీ ఇష్టం. అందుకే క్లాసులో ఒకటే నియమం. ముందు ఎదుటివాడి తరఫున మాట్లాడాలి. ‘నా మాట ఇదే’ అని వాడు ఒప్పుకున్నాకే తన వాదం మొదలుపెట్టాలి.

మండలి సెక్రటరీగా నన్ను ఆయన పెట్టిన తిప్పలు అన్నీ ఇన్నీ కావు. క్లాసు కొనసాగించాలా అని మీటింగు పెడితే అందరూ చేతులెత్తారు. ముత్తమ్మ ఒక్కతే, ఆ వేళకు తనకు భజనకు హాలు కావాలంది. వెంటనే మాస్టర్ లేచి ఆమె తరఫున ఎంత బాగా మాట్లాడాడంటే, మేము హాలు భజనకు ఇచ్చేశాం. తన క్లాసును తానే ఓడించుకుని, పిల్లల్ని మెట్ల మీద కూర్చోబెట్టుకున్నాడు.

“ఇదేం పని సారూ?” అని నేను మండిపడ్డాను.

“సోక్రటీసుకు హాలుండెనా?” అన్నాడు.

ఆ మెట్ల మీదికే ఒక ఆదివారం సెంట్రింగ్ మేస్త్రీ వెంకటయ్య కోపంగా వచ్చాడు. ఆయన కూతురు, మాస్టర్ క్లాసులోనే కూర్చునే దర్శనకు పుణే కాలేజీలో తత్త్వశాస్త్రం చదవడానికి సీటొచ్చింది. హాస్టల్లో ఉండాలి. వస్తానో రానో మర్నాటికల్లా చెప్పాలి. ఆయన పంపనంటున్నాడు.

“నువ్వు నేర్పిన మాటలతోనే నా మీదికొస్తుంది సారూ. నువ్వే చెప్పు, పోవద్దని!”

“కూసో వెంకటయ్యా. ఇప్పుడు నువ్వు దర్శనవు. దర్శనా, నువ్వు మీ పప్పావు. షురూ చెయ్.”

దర్శన లేచింది. కాసేపు తండ్రి చేతుల వంక చూసింది.

“నేను ఇన్నేండ్ల సంది సైట్ల మీద పని చేస్తున్న. ఎక్కడుంటవని అడిగితే గ్రాంట్ రోడ్ అంట. కామాఠీపుర అంటే ఎదుటోని చూపు మారుతది. నేను ఓర్సుకున్న. హాస్టల్ల నా బిడ్డను అట్ల చూస్తే, అడ్డం నిలబడనీకి ఆడ నేనుండ.”

కామాఠీపుర అంటే బయటివాళ్లకు ఒళ్లమ్ముకునే గల్లీలే గుర్తొస్తాయి. పక్క పేట గ్రాంట్ రోడ్ పేరు చెప్పే ఆ అబద్ధం నేనూ ఆడతాను, మా చాలులో ఆడనివాళ్లు లేరు.

“ఈ మాట నేను ఇంట్ల ఎన్నడు అనలే” అన్నాడు వెంకటయ్య మెల్లగా. “నా మాట ఇదే.”

“ఇగ నీ వంతు” అన్నాడు మాస్టర్.

మీసాల వెంకటయ్య లేచి, గొంతు సవరించుకుని, “పప్పా...” అన్నాడు. పిల్లలు నవ్వు ఆపుకోలేకపోయారు. ఆయన పట్టించుకోలేదు.

“పప్పా, ఈ ముంబైని కట్టినోళ్లల్ల మన తాతలున్నరు. మన దిక్కు నుంచి కూలికొచ్చిన కామాఠీలున్నరనే గీ గల్లీలకు గా పేరొచ్చింది. అది మన పేరు. మన పేరు మనమే దాస్తే ఎట్ల? అడిగినోనికి నేను చెప్త. ఎందుకు చూస్తున్నవని ఎనక్కి తిరిగి అడుగుత. గది నేర్సుకోనీకే...” అని ఆగిపోయాడు. తర్వాత వచ్చింది ఆయన సొంత గొంతే. “పో బిడ్డా.”

మెట్లన్నీ చప్పట్లతో మోగాయి. “పోవాలె! పోవాలె!” అని అందరం అరిచాం.

“పోవద్దు!” అన్నాడు మాస్టర్.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన మాత్రం పై మెట్టు వైపు తిరిగాడు. అక్కడ దర్శన తల్లి శాంతాబాయి మాకు వీపు పెట్టి కొత్తిమీర తుంచుతోంది. తుంచాల్సింది ఎప్పుడో అయిపోయింది.

“ఈ పిల్ల లేని ఖోలీ ఎట్లుంటదో ఎవలన్న అడిగిండ్రా? ఆమె దిక్కు మాట్లాడేటోళ్లు ఎవలు?”

అందరం అటు చూశాం. శాంతాబాయి కొంగుతో కళ్లు తుడుచుకుని గిరుక్కున తిరిగింది.

“ఓ సారూ! నాకు నోరు లేదా, నా బదులు నువ్వు మాట్లాడనీకి? ఏడ్సుడు ఏడుస్త, అది నా ఇష్టం. గాని పిల్ల పోతది, బస్!”

“నేనోడిన” అని చేతులు జోడించాడు మాస్టర్. కప్పు తెచ్చిన రోజు విక్కీ ముఖం కూడా అంత వెలగలేదు.

అప్పుడు నాకు విక్కీ, ఆ బౌలరు, ముత్తమ్మ వరసగా గుర్తొచ్చారు. అందరూ వెళ్లాక మాస్టర్ పక్కన కూర్చున్నాను.

“సారూ, ఇన్నాళ్లకు సమజైంది. నువ్వు అడ్డం మాట్లాడేటోనివి కాదు. ఒంటిగ మిగిలినోళ్ల పక్కన నిలబడేటోనివి. అవునా?”

“కాదు” అన్నాడు పోశెట్టి మాస్టర్.