ఆవిడ గుడ్ అన్నా వినలేదు

అమెరికాలోని ఫ్రిస్కోకి వచ్చిన కొత్తలో నాకు ఇంగ్లీషు రాదని ఎవరైనా అంటే ఊరుకునేదాన్ని కాదు. పెళ్లికి ముందు స్కూల్లో ఇంగ్లీషు పాఠాలు చెప్పినదాన్ని మరి! అలాంటిది, ‘గుడ్’ అనే బుల్లి మాట నన్ను ముప్పుతిప్పలు పెట్టింది. మా ఆయన ఫోన్లో ‘ఆల్ గుడ్’ అన్నాడంటే, ఫర్వాలేదు వదిలెయ్యమని. షాపులో అమ్మాయి ‘యూ ఆర్ గుడ్’ అందంటే, ఇక వెళ్లొచ్చని. ఓ హోటల్ తలుపు మీద ‘క్లోజ్డ్ ఫర్ గుడ్’ అని ఉంటే, ఎవరి మంచి కోసం మూశారా అనుకున్నాను; శాశ్వతంగా మూసేశారని అర్థంట! పిల్లలకి నేర్పిన మాటే నాకు అర్థం కాకపోతే ఒళ్లు మండదా?

పగలంతా ఇంట్లో ఒక్కదాన్నే. డ్రైవింగ్ రాదు, నా వీసా మీద ఉద్యోగం చెయ్యకూడదు. మాట్లాడే మనిషి కోసం మొహం వాచిపోయి ఉన్నాను. పక్కింటి పెద్దావిడా ఒంటరిదే. కనబడితే చెయ్యి ఊపేది. ఎలాగైనా ఆవిడతో స్నేహం కలుపుకోవాలని ఓ మధ్యాహ్నం లోపలికి పిలిచి, వేడివేడి గారె వడ్డించాను. ఇష్టంగా తింది. ఇంకోటి వెయ్యబోతే చెయ్యి అడ్డం పెట్టి, “ఐ యామ్ గుడ్” అంది.

అంటే ‘చాలు’ అని నాకు తెలుసు. తెలిసి ఏం లాభం? మా ఇళ్లలో మొదటిసారి వద్దంటే అది మొహమాటం. అక్కడితో ఊరుకుంటే పెట్టేవాళ్లకే అప్రతిష్ఠ. గారె పళ్లెంలో పడింది. నవ్వుతూ తింది. ఇంకోటి వేశాను. ఈసారి నవ్వకుండా తిని, లేచి వెళ్లిపోయింది.

సాయంత్రం మా ఆయన సంగతి విని తల పట్టుకున్నాడు. “ఇక్కడ వద్దంటే వద్దనే! ఫోర్స్ చేస్తే ఎలా? ఇంక ఆవిడ మన గడప తొక్కదు, చూస్కో.”

అన్నట్టే ఆవిడ మళ్లీ బయట కనిపించలేదు. నాకు ఏడుపొక్కటే తక్కువ. ఉన్న ఒక్క మనిషినీ తిండి పెట్టి తరిమేశాను.

ఆ వారాంతంలోపే ఎవరో తలుపు కొట్టారు. ఆవిడే! కూతురింటికి వెళ్లొచ్చిందట. “మా ఆయన పోయాక ఇంకాస్త తినమని నన్నెవరూ బతిమాలలేదు. అందరూ ఒక్కసారి అడిగి ఊరుకుంటారు” అంది, తన ఇంగ్లీషులో. ఇవాళ ఏం వండావంటూ కుర్చీ లాక్కుని కూర్చుంది. సంతోషం పట్టలేకపోయాను.

ఇంట్లో చారు తప్ప ఏమీ లేదు. అదే వేడి చేసి పోశాను. మా ఆయన ఆఫీస్ నుంచి వచ్చేసరికి కూడా మా కబుర్లు తెమల్లేదు.