పంపు మీది మంచం

కువైట్ లడాయి ముగిసిన ఏడు, సౌదీల బురైదా ఖర్జూరతోటల ఉన్న చక్రాల ఇల్లు, కారవాన్‌లోని మంచం కోసం రాజలింగు పాకిస్తానీ డ్రైవర్‌తో కొట్లాడి గెలిచిండు. "మంచం కింది నీళ్ల పంపు చూసెటోన్ని నేను, పండెటోన్నీ నేనే" అన్నడు. గెలిచి ఏం సుఖపడ్డడు? ఏటా చలి ముదరకముందే పరుపెత్తి, పలక లేపి, బోర్ల పండి, భుజం దాకా చెయ్యి దూర్చి పంపు మూత తిప్పి నీళ్లు వదలాలె. లేకుంటే గడ్డగట్టి పగులుతది. పదేండ్లల్ల నడుము వంగింది, మాట తగ్గింది.

మాకు వీసా ఇచ్చిన యజమాని, కఫీల్ ఇంట్ల వంట నాదే. మొన్న అన్నం తీసుకపోయేసరికి, లేపిన పలక పక్కన కూసొని వేళ్లు నలుపుకుంటున్నడు.

"ఏం రాజలింగూ, పంపుకు పూజ చేస్తున్నవా?" అన్న. వేళ్లు నా ముంగట పెట్టిండు.

"వేళ్లు మొద్దుబారినయక్కా, మూత పట్టు దొరుకుతలేదు. కఫీల్‌కు తెలిస్తే పాస్‌పోర్ట్ మీద ఎగ్జిట్ ముద్ర కొట్టి ఇంటికి తోలుతడు. ఆయన వచ్చేలోపు నీ చెయ్యి పెట్టి తిప్పు."