మెల్లకన్ను కొసరు

మా అమ్మాయి ఫోన్‌లో ఒక వీడియో చూపించింది. రొయ్యలాంటి సముద్రజీవి ఒక్కో కన్నునూ ఒక్కో దిక్కుకు తిప్పుతోంది. ఒంటికన్నుతోనే దూరం కొలిచి, రెప్పపాటులో వేటాడుతుందట.

చిన్నప్పుడు నూజివీడులో మా కొట్టు ముందు, బందరు రొయ్యలమ్మే మరియమ్మత్త గంపలో అదే కనబడింది, కొనఊపిరితో. కొసరు అడగకుండా బేరం ముగిస్తే మా ఇంట్లో పరువు తక్కువ.

"మెల్లకన్నుది ఎవరు కొంటారత్తా? కొసరు కింద వేసెయ్."

"వద్దమ్మా, కొడుతుందది."

"ఇవ్వడం ఇష్టంలేక సాకులా?"

ఆమె నవ్వి గంపలో చెయ్యి పెట్టింది. అది కొట్టిన దెబ్బకు బొటనవేలు చీలింది. ఊరంతా తిరిగి రొయ్యలు వలిచిపెట్టాల్సిన చెయ్యి అది. దానికి కొంగు చుట్టుకుని, రెండో చేత్తో గుప్పెడు రొయ్యలు కొసరేసింది.

నేనేమో బేరం గెలిచాననుకుని, గిన్నె ఇంకాస్త ముందుకు జరిపాను.