మామ లాకు ఎందుకు వద్దన్నారు

మా మేనమామ మొన్నటి వానల్లో పోయారు. గుండెనొప్పితో విలవిల్లాడుతున్న ఆయన్ను, ఊరివాళ్లను ఎక్కించుకుని తాను తిప్పే సొంత జీపులోనే నాగర్‌కర్నూల్ దవాఖానకు తీసుకుపోతుంటే, కోడేరు దగ్గర రేగడి బాటలో వెనుక చక్రం దిగబడింది. ట్రాక్టరు వచ్చి లాగేసరికే ఆలస్యమైంది. ‘డిఫరెన్షియల్‌కు లాకు వేయించని మొండితనమే ఆయన్ను చంపింది’ అన్నది ఇప్పుడు ఊరు మోపుతున్న అభియోగం. దానికి జవాబు నేను చెబుతాను.

ముందుగా ఒప్పుకోవలసినది ఒప్పుకుంటాను. మలుపుల్లో వెనుక చక్రాలు రెండూ వేర్వేరు వేగంతో తిరగనిచ్చేది డిఫరెన్షియల్. దానివల్లే బురదలో ఒక చక్రం జారితే ఇంజను బలమంతా దానికే పోతుంది; లాకు రెండు చక్రాలనూ కలిపి తిప్పుతుంది. అది ఉంటే ఆ రోజు జీపు బయటపడేదేమో. ఆ ‘ఏమో’ నన్ను నిద్రపోనివ్వడం లేదు.

కానీ ఆయన ముందున్న ఎంపిక ఏది? అవసరమైనప్పుడు వేసి, రోడ్డెక్కగానే తీసే లాకు ఆ పాత జీపుకు దొరకలేదు. వనపర్తి మెకానిక్ చూపిన దారి ఒక్కటే: లోపలి పళ్లచక్రాలను వెల్డింగుతో అతికించడం. అతికిస్తే తారురోడ్డు మీదా విడవదు.

“బురదల దున్నపోతు లెక్క పోతది మామా. గింత భయమెందుకే?” అన్నాడు మెకానిక్.

“బురదల నాలుగు దినాలు పోతం, రోడ్డు మీద ఏడాదంత పోతం. నువ్వెన్నడన్న గుంటక తోలినవా? మలిపేటప్పుడు లోపటెద్దు ఆగాలె, బయటెద్దు నడవాలె. రెండూ ఒక్కతీరు గుంజితే ఏమైతది? నా ఎనక కాలేజి పిల్లలు కూసుంటర్రా.”

గద్వాల పోయినప్పుడల్లా పాత సామాన్ల దుకాణాల్లో ఆ తీసే లాకు కోసం అడిగేవారు. అది దొరికేదాకా గోనెసంచులే గతి. దిగబడితే అందరినీ దించి, సంచులు పరిచి, మాచేత తోయించేవారు.

“నీ జీపెక్కుడంటే కూలికొచ్చినట్టే గద అన్నా!” అని ఆడవాళ్లు దెప్పేవారు.

“పొద్దుగాల సద్ది తిన్నవు గద చెల్లె, అరగొద్దా?” అని నవ్వేవారు.

ఆ రోజూ సంచులు జీపులోనే ఉన్నాయి. వాటిని ఏ చక్రం కింద ఎలా పరచాలో తెలిసిన ఒకే ఒక్క మనిషి వెనుకసీటులో ఒరిగి ఉన్నారు.

ఇప్పుడు ఆయన తమ్ముడు ఆ జీపును వెల్డింగుకు పంపుతానంటున్నాడు. ఊరంతా సరేనంటోంది. పంపే ముందు ఒక్క పని చేయండి. వాన కురుస్తుండగా రోడ్డు మలుపులో నిలబడి, అలా అతికించిన బండి ఒకటి తిరగడం చూడండి. చక్రాలు తారును గీరుకుంటూ, బండి వెనుకభాగం పక్కకు జారడం కళ్లారా చూడండి. చూశాక, ఆ వెనుకసీటులో ఎవరి బిడ్డను కూర్చోబెడతారో పేరు పెట్టి చెప్పండి.